గుండెపోటు తగ్గింది, గుబులు తగ్గలేదు



ఈ పాఠం మా పక్కింటి అక్క గురించి, బావ గురించి. అక్క మన చదువు కేంద్రంలోనే అక్షరాలు దిద్దుకుంది. బావ తాపీ మేస్త్రి. "మా సంగతి రాయి. నలుగురికీ పనికొస్తుంది. పేర్లు మాత్రం వద్దు" అంది అక్క. అందుకే పేర్లు రాయడం లేదు.

ఒకరోజు పొద్దున్నే బావ పరంజా మీద పని చేస్తున్నాడు. ఉన్నట్టుండి గుండె పట్టేసింది. ఒళ్లంతా చెమటలు పోశాయి. ఎడమ చెయ్యి లాగేసింది. తోటి కూలీలు కిందికి దించి 108కి ఫోన్ చేశారు. పెద్దాస్పత్రిలో మూసుకుపోయిన రక్తనాళం తెరిచి స్టెంటు వేశారు. ఐదో రోజు ఇంటికి పంపారు. అందరం దేవుడికి దండం పెట్టుకున్నాం.

బావ బతికి ఇంటికొచ్చాడు. ఆ తర్వాత జరిగిందే ఈ పాఠం.

ఇంట్లో మంచం

మధ్య గదిలో మంచం వేశారు. "కదలొద్దు నాయనా" అంది అత్త. "లేవొద్దురా" అన్నాడు బావగారి అన్న. నీళ్ల చెంబు మంచం దగ్గరికే వచ్చేది. అన్నం కలిపి నోట్లో పెట్టేవాళ్లు.

చూడ్డానికి చుట్టాలు వచ్చారు. వచ్చినవాళ్లు ఊరికే పోరు కదా! బత్తాయిలు ఇచ్చి, మంచం పక్కన కూచుని, గుండెపోటుతో పోయినవాళ్ల కథలు చెప్పారు. "మా తోడికోడలి తమ్ముడికీ ఇట్లాగే అయింది. బాగానే ఉన్నాడనుకున్నాం. నెల తిరక్కుండానే..." అని ఒకావిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. బావ ఇంటి దూలం వంక చూస్తూ పడుకున్నాడు.

రాత్రిళ్లు ఆయనకి నిద్ర లేదు. కన్ను మూస్తే మళ్లీ తెరవనేమో అని భయం. అర్ధరాత్రి అక్కని లేపేవాడు.

"గుండె కొట్టుకుంటోందా? చెయ్యి పెట్టి చూడవే."

అక్క చెయ్యి పెట్టి చూసేది. "కొట్టుకుంటోంది. పడుకోవయ్యా" అనేది. గంట తిరక్కుండా మళ్లీ లేపేవాడు. పగలు పిల్లల మీద కసురుకునేవాడు. ఇష్టమైన చేపల పులుసు వండినా ముద్ద దిగేది కాదు.

ఇంట్లో ఇంకో బాధ ఉంది. కూలి ఆగిపోయింది. అప్పు మాత్రం ఆగలేదు. వడ్డీ అడగడానికి మనిషి వస్తే అక్క వాకిట్లోనే ఆపేది. గొంతు తగ్గించి మాట్లాడేది. "మీ నాన్నకి తెలియనియ్యొద్దు. తెలిస్తే గుండె ఆగిపోతుంది" అని పిల్లలకి చెప్పింది. మంచి మనసుతోనే దాచింది. కానీ బావకి ఆ గుసగుసలు వినపడేవి. అవి వడ్డీ మాటలని ఆయనకేం తెలుసు? "నేను బతకనని డాక్టరు చెప్పి ఉంటాడు. అందుకే నా ముందు మాట్లాడటం లేదు" అనుకున్నాడు. ఈ మాట చాన్నాళ్ల తర్వాత ఆయనే చెప్పాడు.

గుండెకి ఏమైంది?

మన పిడికిలి ఎంతో మన గుండె కూడా ఇంచుమించు అంతే. నిమిషానికి 70, 80 సార్లు కొట్టుకుంటుంది. రోజుకి లక్ష సార్లు. ఒళ్లంతటికీ రక్తం పంపుతుంది. గుండె కూడా కండే కదా! దానికీ రక్తం కావాలి. ఆ రక్తం తెచ్చే సన్నటి నాళాలు గుండె మీదే ఉంటాయి. ఏళ్ల తరబడి వాటి లోపల కొవ్వు పేరుకుంటుంది. బీడీ, చుట్ట, బీపీ, షుగరు ఉంటే ఇంకా తొందరగా పేరుకుంటుంది. ఒకరోజు ఆ కొవ్వు మీది పొర చిట్లుతుంది. అక్కడ రక్తం గడ్డ కడుతుంది. దారి మూసుకుపోతుంది.

కాలవకి అడ్డంగా మట్టి పెళ్ల పడితే కింది మడి ఎండిపోతుంది చూడండి, ఇదీ అట్లాగే. రక్తం అందని కండ చచ్చిపోతుంది. దాన్నే గుండెపోటు అంటాం. గడ్డని ఎంత తొందరగా తీస్తే అంత కండ మిగులుతుంది. అందుకే గుండెపోటులో నిమిషాలు కూడా లెక్కే.

చచ్చిన కండ ఉన్నచోట కొన్ని వారాల్లో మచ్చ కడుతుంది. పుండు మానినట్టే. మిగిలిన కండ తన పని తాను చేస్తూనే ఉంటుంది. చాలామంది లేచి తిరుగుతారు. పనులకీ పోతారు. ఈ సంగతి బావకి ఎవరూ చెప్పలేదు. చెప్పే ఉంటారేమో. ఆ గాభరాలో ఎవరు విన్నారు?

గుబులు గుండెని ఏం చేస్తుంది?

పొగరుబోతు ఎద్దు తరుముకొచ్చిందనుకోండి. గుండె దడదడలాడుతుంది. బీపీ పెరుగుతుంది. కాళ్లకి ఎక్కడలేని బలం వస్తుంది. పరుగెత్తడానికి అది మంచిదే. ఎద్దు పోయాక గుండె నెమ్మదిస్తుంది. కానీ మంచం మీద పడుకున్న మనిషిని పగలూ రాత్రీ భయం తరుముతూ ఉంటే? దెబ్బ తిన్న గుండెకి తీరికేదీ?

పైగా దిగులుపడ్డ మనిషి మాత్రలు సరిగా మింగడు. నడవడు. "ఎట్లాగూ పోయేవాణ్ణే" అని మానేసిన బీడీ మళ్లీ ముట్టిస్తాడు.

ఇది ఊహ కాదు. డాక్టర్లు లెక్కకట్టి చూశారు. కెనడా దేశంలో మాంట్రియల్ అనే పట్నం ఉంది. అక్కడ గుండెపోటు వచ్చిన 222 మందిని ఆరు నెలలు గమనించారు. 1993లో ఫలితం చెప్పారు. తీవ్రమైన దిగులు జబ్బు ఉన్నవాళ్లలో చావులు చాలా ఎక్కువగా జరిగాయి. గుండెకి తగిలిన దెబ్బ పెద్దదా చిన్నదా అన్నది లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడా పోలేదు. తర్వాత 52 దేశాల్లో ఇంకో పెద్ద పరిశీలన జరిగింది. దాన్ని నడిపించింది కేరళలో పుట్టిన సలీం యూసుఫ్ అనే డాక్టరు. 2004లో దాని ఫలితం వచ్చింది. గుండెపోటు తెచ్చే తొమ్మిది ముఖ్యమైన కారణాల్లో మనసు మీది ఒత్తిడి కూడా ఒకటని తేలింది.

గుండెపోటు వచ్చిన ఐదుగురిలో సుమారు ఒకరికి ఈ దిగులు జబ్బు పట్టుకుంటుంది. నాలుగు రోజులు బెంగపడటం ఎవరికైనా ఉంటుంది. రెండు వారాలు దాటినా నిద్ర లేదు, తిండి లేదు, దేనిమీదా ఇష్టం లేదు అంటే అది జబ్బే. దానికి వైద్యం ఉంది.

అట్లాగని "నువ్వు దిగులుపడితే చస్తావు" అని రోగిని బెదిరించకండి. "ధైర్యంగా ఉండు" అని ఊరికే అంటే ధైర్యం రాదు. జ్వరం వచ్చినవాణ్ణి "చల్లబడు" అంటే చల్లబడతాడా?

కుర్చీ కథ

"కదలొద్దు" అనడం అత్త తప్పు కాదు. ఒకప్పుడు పెద్ద పెద్ద డాక్టర్లే ఆ మాట అనేవాళ్లు. 1940ల్లో అమెరికాలో కూడా గుండెపోటు రోగిని నాలుగు నుంచి ఆరు వారాలు మంచం మీదే ఉంచేవాళ్లు. మొదట్లో తన చేత్తో తాను అన్నం తినకూడదు. పక్కకి ఒత్తిగిలాలన్నా మనిషి సాయం కావాలి. రోగికి ఏమనిపిస్తుంది? "ఇంత జాగ్రత్త చేస్తున్నారంటే నా పని అయిపోయినట్టే" అనిపించదూ?

బోస్టన్ పట్నంలో లెవైన్ అనే పెద్ద డాక్టరు ఉండేవాడు. ఆయన దగ్గర లౌన్ అనే కుర్ర డాక్టరు పని చేసేవాడు. వాళ్లిద్దరూ గుండెపోటు రోగుల్ని మొదటి రోజుల్లోనే మంచం దించి చేతుల కుర్చీలో కూచోబెట్టారు. తోటి డాక్టర్లు ఒప్పుకోలేదు. రోగుల ప్రాణం తీస్తారా అని భయపడ్డారు. 81 మందిని అట్లా కూచోబెట్టి చూసి, 1952లో దాని గురించి రాశారు. కూచోవడం వల్ల కీడు జరగలేదు. కూచున్నవాళ్ల మొహాలు తేటపడ్డాయి. "ఇంటికెప్పుడు పంపుతారు?" అని అడగడం మొదలుపెట్టారు. ఇవాళ ఎక్కడా ఆరు వారాల మంచం లేదు. ప్రమాదం లేదనుకుంటే ఒకటి రెండు రోజుల్లోనే లేపి కూచోబెడతారు, నాలుగడుగులు వేయిస్తారు.

దాచకుండా చెప్పడం గురించి కూడా ఒక కథ ఉంది. 1955 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కి గుండెపోటు వచ్చింది. దేశమంతా గాభరా పడింది. ఆయన్ని చూసిన గుండె డాక్టరు పేరు వైట్. ఆయన పత్రికలవాళ్లని పిలిచి గుండెకి ఏమైందో, ఎట్లా మానుతుందో అందరికీ అర్థమయ్యేట్టు చెప్పాడు. అధ్యక్షుడు కోలుకుని పనిలోకి వెళ్లాడు. 1956 ఎన్నికల్లో మళ్లీ గెలిచాడు. తర్వాత ఆయనకి మళ్లీ గుండెపోటు రాకపోలేదు. అయినా 1969 దాకా బతికాడు. దేశమంతటికీ విప్పి చెప్పిన సంగతిని మనం ఇంట్లో మనిషికి చెప్పకుండా దాస్తున్నాం!

కాగితం వెనక తెలుగు

బావ ఇంటికొచ్చి 12 రోజులైంది. మాత్రలు అయిపోవచ్చాయి. ఏ మాత్రలు కొనాలో చూద్దామని అక్క ఆస్పత్రి కవరు తీసింది. ఆ కవరు ఎక్కడుందో తెలుసా? బావ పరుపు కింద. పోకుండా భద్రంగా పెట్టారు.

కాగితం ముందువైపంతా ఇంగ్లీషు. అక్క ఊరికే వెనక్కి తిప్పింది. తెలుగు! చిన్న చిన్న అక్షరాలు. బల్బు కింద కూచుని కూడబలుక్కుంది.

"ఇం-టి-లో మె-ల్ల-గా న-డ-వం-డి. రో-జూ కొం-చెం పెం-చం-డి."

రెండోసారి చదివింది. మూడోసారి చదివింది. దాని కింద ఇంకో వరస ఉంది. "భయం, దిగులు, నిద్ర పట్టకపోవడం ఉంటే డాక్టరుకు చెప్పండి" అని.

పన్నెండు రోజులు బావ ఆ మాట మీదే పడుకున్నాడు!

మర్నాడే ఇద్దరూ ఆస్పత్రికి పోయారు. డాక్టరమ్మ గుండె చూసింది, బీపీ చూసింది. "రోజూ ఎంత నడుస్తున్నారు?" అని అడిగింది.

"నడవకూడదు కదమ్మా!"

"ఎవరు చెప్పారు?"

బావ అక్క వైపు చూశాడు. అక్క నేల వైపు చూసింది.

డాక్టరమ్మ ఇంకో రెండు ప్రశ్నలు అడిగింది. "ఈ రెండు వారాల్లో ఎక్కువ రోజులు దిగులుగా, ఆశ లేనట్టుగా అనిపించిందా? చేసే పనుల మీద ఇష్టం పోయిందా?" బావ జవాబు చెప్పబోయాడు. మాట రాలేదు. ఏడ్చేశాడు. పెళ్లయి 28 ఏళ్లయినా ఆయన ఏడవడం అక్క ఎప్పుడూ చూడలేదు. "కూలి పోయింది. బిడ్డ చదువు ఆగిపోతుంది. మంచం మీద పడి తింటున్నాను. నేనెందుకు?" అన్నాడు.

"నేనెందుకు" అన్న మాట ఎవరి నోట వచ్చినా తేలిగ్గా తీసుకోకూడదు. డాక్టరమ్మ తీసుకోలేదు. చచ్చిపోవాలని ఆలోచన వస్తోందా అని సూటిగా అడిగింది. అట్లా అడిగితే లేని ఆలోచన పుడుతుందేమో అని మనం భయపడతాం. పుట్టదు. అడిగితే మనసులోది బయటపడుతుంది. బావకి అంత దూరం రాలేదు. "ఇది పిరికితనం కాదు. గుండెపోటుతోపాటు వచ్చిన జబ్బు. దీనికీ మందుంది" అని చెప్పి మనసు డాక్టరు దగ్గరికి రాసిచ్చింది. తర్వాత ఆస్పత్రి వరండాలో ఆ చివర నుంచి ఈ చివరికి బావని తనే నడిపించింది. గుండె ఆగలేదు.

ఆ మందులు "పిచ్చి మందులు" కావు. గుండె రోగులు వాడదగ్గవి వాటిలో ఉన్నాయి. అన్నీ వాడదగ్గవి కావు. కాబట్టి గుండె జబ్బు సంగతి, వేసుకునే మాత్రల సంగతి డాక్టరుకి చెప్పి తీరాలి. ఇవి తలనొప్పి మాత్రల్లాగా పూటలో పని చెయ్యవు. రెండు మూడు వారాలైనా పడుతుంది. గుణం కనపడగానే మానెయ్యకూడదు. కొందరికి మందు కూడా అక్కర్లేదు. తెలిసినవాళ్లతో కూచుని మనసువిప్పి మాట్లాడితే తగ్గుతుంది. ఫోన్‌లో మాట్లాడాలంటే 14416 నంబరు ఉంది. ప్రభుత్వం 2022లో పెట్టింది. డబ్బులు పడవు. తెలుగులో మాట్లాడొచ్చు.

యోగా చెయ్యొచ్చా అని చాలామంది అడుగుతారు. మన దేశంలోనే 24 ఆస్పత్రుల్లో సుమారు 4,000 మంది గుండెపోటు రోగులతో పరిశీలించి 2020లో ఫలితం చెప్పారు. యోగా వల్ల చావులు తగ్గుతాయని గట్టిగా తేలలేదు. కానీ యోగా నేర్చుకున్నవాళ్లకి ఒంట్లో బాగున్నట్టు అనిపించింది. మునుపటి పనులు మళ్లీ చేసుకోగలిగారు. కాబట్టి మంచిదే. మాత్రలకి బదులు మాత్రం కాదు.

ఇంటికొచ్చాక

మొదటి రోజు ఐదు నిమిషాలు. ఇంటి ముందు నుంచి రావిచెట్టు దాకా. అక్క వెంట నడిచింది. నడుస్తూ మాట్లాడగలిగితే ఆ నడక సరిపోయినట్టు. మాట్లాడలేనంత ఆయాసం వస్తే ఎక్కువైనట్టు. రొప్పు, నొప్పి, కళ్లు తిరగడం ఉంటే ఆగిపోవాలి. నాలుగు రోజులకొకసారి కాస్త పెంచారు. నెల దాటేసరికి అరగంట నడుస్తున్నాడు. డాక్టరమ్మ చెప్పిన లెక్క అది. మీ ఇంట్లో మనిషికి ఎంతో మీ డాక్టరు చెప్పాలి.

అక్క నోటు పుస్తకం తెచ్చి మంచం మీద పెట్టింది. మన కేంద్రంలో ఇచ్చిన పుస్తకమే. ఒక పేజీలో మాత్రలు రాసింది. పొద్దున ఏది, రాత్రి ఏది. ఇంకో పేజీలో అప్పు రాసింది. అసలు ఎంత, వడ్డీ ఎంత, డ్వాక్రా సంఘంలో తీసుకున్నదెంత. బావ చాలాసేపు చూశాడు. "ఇంతేనా? మీరు గుసగుసలాడుతుంటే ఇంకేదో అనుకున్నా" అన్నాడు. ఆ రాత్రి అక్కని ఒక్కసారే లేపాడు.

అప్పు తీరిందా అంటే, తీరలేదు. ఎవరికి ఎప్పుడు ఎంత ఇవ్వాలో ఇద్దరూ కూచుని గీతలు గీసుకున్నారు. అంతే. రెండు నెలలకి డాక్టరమ్మ చిన్న పని చెయ్యొచ్చంది. ఇప్పుడు బావ పరంజా ఎక్కడు. కింద నిలబడి కొలతలు చూస్తాడు, కుర్రాళ్లతో పని చేయిస్తాడు. కూలి తగ్గింది. ఆ సంగతి ఎత్తితే ఇప్పటికీ మొహం చిన్నబుచ్చుకుంటాడు.

ఇంకో మాట. భార్యాభర్తల కాపురం గురించి కూడా డాక్టరుని అడగొచ్చు. సిగ్గుపడి ఊరుకుంటే ఇద్దరికీ లోపల్లోపల భయం మిగులుతుంది. ఆయాసం, నొప్పి లేకుండా రెండంతస్తుల మెట్లు ఎక్కగలిగితే మామూలుగా భయం లేదంటారు. కానీ దానికోసం షాపులో సొంతంగా మాత్రలు కొనొద్దు. నాలుక కింద పెట్టుకునే గుండె మాత్రతో అవి కలిస్తే ప్రాణం మీదికి వస్తుంది. స్టెంటు వేసినవాళ్లు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్రలు ఒక్కపూట కూడా మానకూడదు.

ఛాతీలో బరువు పెట్టినట్టు నొప్పి, చెమటలు, ఆయాసం వస్తే "ఇది భయంవల్లేలే" అని మీకు మీరే తేల్చుకోకండి. 108కి ఫోన్ చెయ్యండి. నొప్పి గుండెదో గుబులుదో ఆస్పత్రిలో చెప్తారు.

పెద్దమ్మ సంగతి

ఇదే వీధిలో ఒక పెద్దమ్మ ఉంది. ఆమెకీ గుండెపోటు వచ్చింది. ఛాతీలో నొప్పి అంతగా లేదు. వాంతి వచ్చినట్టుంది, వీపులో, దవడలో లాగింది, కాళ్లలో సత్తువ పోయింది. గ్యాసు అనుకుని సోడా తాగి పడుకుంది. ఆడవాళ్లలో గుండెపోటు కొన్నిసార్లు ఇట్లా కూడా వస్తుంది. ఆస్పత్రికి పోయేసరికి మర్నాడైంది.

పెద్దమ్మ ఇంటికొచ్చిన మూడో రోజే పొయ్యి దగ్గర కూచుంది. నీళ్ల బిందె ఎత్తింది. బావని మంచం దించడానికి మేమంతా తంటాలు పడ్డాం. పెద్దమ్మని మంచం ఎక్కించినవాళ్లే లేరు. "రాత్రి నిద్ర పడుతోందా?" అని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు. గుండెపోటు తర్వాత నడక, మాట, సలహా ఇచ్చే వైద్యానికి ఆడవాళ్లు తక్కువగా పోతున్నారని చాలా దేశాల్లో తేలింది. ఎందుకు పోతున్నారు తక్కువగా? మనకి వేరే చెప్పాలా?

అక్క సంగతీ అంతే. బావ తేరుకునేసరికి అక్క సగమైంది. డాక్టరమ్మే అడిగింది, "నువ్వు తింటున్నావా అమ్మా?" అని. రోగిని చూసుకునే మనిషికి కూడా నిద్ర కావాలి. రాత్రి పూట కొడుకు బావ పక్కన పడుకోవడం అప్పటినుంచే మొదలైంది.

నిన్న పెద్దమ్మని మన కేంద్రానికి తీసుకొచ్చింది అక్కే. చెప్పించుకోవడానికి గంట పట్టింది. "చీకటి పడితే భయమేస్తుందే" అంది చివరికి.

మాట్లాడుకోండి, రాయండి

మీ ఇంట్లో, మీ వీధిలో గుండెపోటు వచ్చినవాళ్లు ఎవరున్నారు? వాళ్లలో ఆడవాళ్లు ఎందరు? వాళ్లని చూడ్డానికి పోయినప్పుడు మనం ఏం మాట్లాడాం? ఆస్పత్రి కాగితం వెనక ఏం రాసి ఉందో ఎవరైనా చదివారా? రేపు వచ్చేటప్పుడు తీసుకురండి. కలిసి చదువుదాం.

108, 14416. ఈ రెండు నంబర్లు మీ చేత్తో మీరే పెద్దగా రాసి, ఇంట్లో అందరికీ కనపడేచోట అంటించండి.

రేపు పొద్దున పెద్దమ్మతో రావిచెట్టు దాకా నడవడానికి ఎవరు వస్తారు? పేరు రాసి అక్కకి ఇవ్వండి.